నెయ్యి దింపే వేళ

రోగి కూర్చోగానే టార్చి తీసే అలవాటు డాక్టరు పద్మనాభంగారికి లేదు. ముందు "ఏం పని చేస్తారు?" అని అడుగుతారు. పాలకొల్లులోని ఆయన ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు వైద్యం నేర్చుకుంటున్న సుగుణకి ఇదంతా కాలయాపనగా తోచేది. బయట ఇరవైమంది ఎదురుచూస్తుంటే ఈ కబుర్లేమిటి? ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"నొప్పి లేదు, రక్తం లేదు. రోగే పడిశం అంటుంటే, అది పడిశం కాదని, ఏం పని చేస్తారో అడిగితే ఎలా తెలుస్తుంది గురువుగారూ?"

ఆయన తరువాతి రోగిని పిలిపించారు.

వచ్చింది మాణిక్యమ్మ. సుగుణ గతుక్కుమంది. ఏడాదిలో మూడుసార్లు ఈవిడకి పడిశం బిళ్ళలు రాసిచ్చింది తనే.

"వెన్న కాసి నెయ్యి అమ్ముతానండీ, ముప్పై ఏళ్ళ నించీ" అంది మాణిక్యమ్మ.

"మరి ఎప్పుడు దింపాలో ఎలా తెలుస్తుందమ్మా?"

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కమ్మటి వాసన రాగానే దింపేదాన్నండీ. ఏడాదయింది, ఏ వాసనా తెలీట్లేదు. చిటపటలు ఆగడం విని దింపుతున్నా. రెండు వాయిలు మాడిపోయాయి. ముసలిదాన్నయిపోయానని కోడలు గరిటె లాక్కుంది. నిజమే కాబోలు అనుకున్నానండీ."

సుగుణ టార్చి వేసి చూసింది. రెండు ముక్కురంధ్రాల్లోనూ పాలిపోయిన కండ, ఒలిచిన ముంజలా మెరుస్తోంది. సన్నటి కడ్డీతో తాకితే కదిలింది గాని, ఆవిడకి నొప్పే లేదు. ఇంత చిన్న కండ వాసనకి అడ్డుపడిన పాపానికి ఏడాదిగా మాటలు పడింది ఈ మనిషి. సుగుణకి తల ఎత్తబుద్ధి కాలేదు.

"రోజూ ముక్కులో మందు కొట్టుకోవాలి, ఉప్పునీళ్ళతో కడుక్కోవాలి. తగ్గకపోతే ఆపరేషన్ చేసి తీస్తాం. తీసినా మందు మానకూడదు, మళ్ళీ పెరుగుతుంది" అన్నారు పద్మనాభంగారు. "మీ చేతికేం కాలేదమ్మా. కోడలికి నేను చెబుతాను."

మూడు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం సుగుణ వెనక గదిలో టీకి పాలు పెట్టి వచ్చి, గురువుగారి ఎదుట కూర్చుని ఏదో రాసుకుంటోంది. గుమ్మంలోకి వచ్చిన మాణిక్యమ్మ చెప్పులైనా విడవకుండా కేకేసింది.

"అమ్మాయిగారూ, పాలు అడుగంటుతున్నాయండీ!"

సుగుణ పరుగెత్తి పొయ్యి ఆపింది. తిరిగి వచ్చేసరికి మాణిక్యమ్మ కొంగుతో ముక్కు మూసుకుని, నవ్వుతూనే ఏడుస్తోంది.

పద్మనాభంగారు సుగుణ వైపు తిరిగారు.

"మనిద్దరి ముక్కులూ బాగానే ఉన్నాయి కదమ్మా?"