చుక్కల పెట్టకి సెలవు

అనగనగా ఒక ఊళ్ళో, రాజూ లేడు, రాణీ లేదు, ఒక పెరడు ఉంది. ఆ పెరట్లో ఒక కోళ్ళ గూడు, ఆ గూట్లో కొన్ని పెట్టలు, ఒక పుంజు. రాజుల కథలు చెప్పడానికి చాలామంది ఉన్నార్లే తల్లీ. ఇవాళ మనం పెట్టల కథ చెప్పుకుందాం. కళ్ళు మూసుకో. చెవులు మాత్రం తెరిచి ఉంచు.

ఆ ఇంటి కోడలి పేరు పైడమ్మ. జూట్ మిల్లు పక్క వాడలో పుట్టి పెరిగిన పిల్ల. అత్త పేరు సన్యాసమ్మ. కూర్చుంటే నేల కరుస్తుందేమో అన్నట్టు పొద్దస్తమానం తిరుగుతూనే ఉండే మనిషి. తను కూర్చోదు, ఇంకొకళ్ళని కూర్చోనివ్వదు.

పెట్టలన్నిట్లోకీ చుక్కల పెట్ట అంటే పైడమ్మకి ప్రాణం. నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలు, చీర కట్టుకుని వచ్చినట్టు ఉండేది. ఎండనక వాననక గుడ్డు పెట్టేది. ఆ గుడ్లతోనే ఇంట్లో పులుసు, ఆ గుడ్లతోనే చుట్టాలకి మర్యాద.

వానలు వెనకబట్టాయి. అప్పుడు ఒక పొద్దున పైడమ్మ గూటి తలుపు తీసింది. లోపల దిండు చింపినట్టు ఎక్కడ చూసినా ఈకలే! చుక్కల పెట్ట మెడ బోసిపోయింది. ఆ తర్వాత వీపు బోసిపోయింది. ఆ తర్వాత తోక కూడా ఊడిపోయింది. పుంజు సంగతి చెప్పనా? దాని తోకా రాలిపోయింది. సిగ్గుతో కట్టెల మోపు వెనక దూరి, కొక్కొరొకో అనడమే మానేసింది.

పైడమ్మ భయపడలేదు. మిల్లు వాడలో వాళ్ళమ్మా కోళ్ళు పెంచింది. ఏడాదికోసారి కోడి పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కుంటుంది. దాన్నే కురీజు అంటారు. ఒంట్లో సత్తువంతా ఈకలకే పోతుంది, ఇక గుడ్డుకేం మిగులుతుంది? అందుకే ఆ కాలంలో కోడి గుడ్డు పెట్టదు.

చుక్కల పెట్టా గుడ్డు ఆపేసింది. అప్పుడు సన్యాసమ్మ నూకల చేట వెనక్కి లాక్కుంది.

"గుడ్డెట్టని దానికి గింజలెందుకే? తిని కూర్చోడానికి అదేమైనా జమీందారా?"

"అది కూర్చోలేదత్తా. ఈకలు నేస్తోంది. నువ్వు ఒక్క చీర నేసి చూడు, ఎంత ఆకలేస్తుందో తెలుస్తుంది."

"నోరు చూడు! సరే, కోళ్ళ బేరగాడు వచ్చేదాకా చూస్తాను. వాడొచ్చేసరికి గుడ్డు కనబడిందా, సరే. కనబడలేదా, వాడి గంపలోకే."

అత్త మాటంటే మాటే. బేరగాడి గంపలోకి పోయిన కోడి మళ్ళీ ఏ పెరట్లోనూ తిరగదు. పైడమ్మ కొంగు బిగించి నడుముకి చుట్టింది. "చూద్దాం," అంది.

చిన్నప్పుడు మిల్లు గేటు ముందు జనమంతా పిడికిళ్ళు ఎత్తి అరుస్తుంటే, నాన్న భుజం మీద కూర్చుని తనూ అరిచేది. ఆ అరుపు ఇప్పుడు గుర్తొచ్చింది. పెరట్లో నిలబడి గట్టిగా అరిచింది.

"అలిసిన ఒంటికి సెలవు కావాలి! సెలవు నాడూ కూడు కావాలి!"

పెట్టలు తలలు పక్కకి వంచి చూశాయి. అత్త చీపురు పట్టుకుని నవ్వు ఆపుకోలేకపోయింది. "ఏటే, కోళ్ళకి సంఘం పెడతావా? పుంజుని నాయకుణ్ణి చేస్తావా?"

"పుంజు ఎందుకత్తా? గుడ్డు పెట్టేది పెట్టలైతే!"

ఇంట్లో గింజ దొరకదు కదా, మరి ఏం పెట్టింది? పాత కుండలో కాస్త పేడ, చిరిగిన గోనె ముక్క వేసి, చెదలున్న చోట బోర్లించింది. తెల్లారి తీస్తే గోనెకి చెదలే చెదలు. చుక్కల పెట్ట టకటకా పొడుచుకు తింది. ఆ తర్వాత ఎండు చేపల తలలు దంచి పెట్టింది. ఆ తర్వాత తన కంచంలో అన్నం తగ్గించుకుని, ఆ పిడికెడూ దానికి పెట్టింది.

మిగతా పెట్టలు బోసి వీపు కనబడగానే పొడవడానికి వచ్చాయి. తోటి పెట్టలే సుమా! పైడమ్మ చుక్కల పెట్టకి వేరే గంప పెట్టింది. గంప కింద బూడిద పోసింది, పొర్లడానికి. దాన్ని చేత్తో మాత్రం ముట్టుకోలేదు. కొత్త ఈకలు ముళ్ళలా పొడుచుకొచ్చేటప్పుడు చెయ్యి తగిలినా నొప్పే.

ఒకనాడు పైడమ్మ బోరింగు దగ్గరికి వెళ్ళింది. అప్పుడు సన్యాసమ్మకి ఒక ఆలోచన వచ్చింది. పొదిగే మోజు పట్టి గుడ్డు మానేసిన పెట్టని చల్లటి నీళ్ళల్లో ముంచితే ఆ మోజు దిగుతుందని ఒకప్పుడు తన అత్త చెప్పేది. 'ఇదీ గంప కింద నుంచి కదలట్లేదు, ఆ మోజే అయ్యుంటుంది,' అనుకుంది. పెట్టని పట్టుకుని తొట్టిలో ముంచేసింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

పైడమ్మ బిందెతో వచ్చేసరికి చుక్కల పెట్ట నేల మీద గడగడ వణుకుతోంది. కప్పుకోడానికి ఈకలే లేని ఒళ్ళు కదా తల్లీ, చలి నేరుగా ఎముకలో దిగింది. కళ్ళు తేలేసింది.

పైడమ్మ బిందె దించలేదు, వదిలేసింది. పెట్టని పాత లుంగీలో మెత్తగా చుట్టి, పొయ్యి పక్కన ఒళ్ళో పెట్టుకుంది. అత్త గుమ్మంలో నిలబడింది.

"బాగుపడుతుందనే ముంచానే," అంది.

పైడమ్మ కళ్ళు పొయ్యిలో నిప్పులే. "అలిసిపోయిన దాన్ని పట్టుకుని మొండికేసిందంటారు. వణుకుతుంటే నటిస్తోందంటారు. మనుషులకీ ఇంతే, కోళ్ళకీ ఇంతే! ఇది చస్తే నేను ఈ ఇంట్లో గుడ్డు ముట్టుకోను అత్తా."

సన్యాసమ్మ ఇంకో రెండు పుల్లలు తెచ్చి పొయ్యిలో ఎగదోసింది.

సాయంత్రానికి లుంగీలోంచి ఒక ముక్కు బయటికొచ్చింది. ఆ తర్వాత "కుక్" అంది. పైడమ్మ మళ్ళీ చెదల కుండ సర్దడానికి లేచింది.

రోజులు గడిచాయి. బోసి మెడ మీద ముళ్ళు మొలిచాయి. ఆ ముళ్ళు కొసల్లో విచ్చుకుని నల్లగా మెరిశాయి. కానీ గుడ్డు మాత్రం రాలేదు. గుడ్డు రాకముందే బేరగాడు వచ్చాడు.

అప్పుడు పైడమ్మ వీధి చివర మునగాకు కోస్తోంది. సైకిలు గంట వినబడింది, దాని వెనక గంపలో కోళ్ళ అరుపులు వినబడ్డాయి. ఆకు అక్కడే పారేసి పరిగెత్తింది. కంచె దాకా వచ్చి చూస్తే, అత్త చేతిలో చుక్కల పెట్ట!

బేరగాడు పెట్టని ఎగాదిగా చూస్తున్నాడు. "ముసల్దైపోయింది పిన్నీ. చేసే పని చేసేసింది. ఇంకేటి పనికొస్తాది? కూర్చోబెట్టి మేపడం దండగ. ఇలా ఇచ్చీ."

సన్యాసమ్మ ఇవ్వలేదు. పెట్ట వంక చూసింది. అరచేతి కింద కొత్త ఈకల మొనలు గుచ్చుకుంటున్నాయి. ఆ తర్వాత నరాలు తేలిన తన చేతులు చూసుకుంది. ఆ తర్వాత బేరగాడి మొహం చూసింది.

"ఏటన్నావురా?"

"అదే పిన్నీ, ముసల్ది..."

"ముసల్దైతే కూడు దండగా? మీ ఇంట్లో మీ అమ్మనీ గంపలో పెట్టావేట్రా?"

"అయ్యో, నేనన్నది కోడిని పిన్నీ!"

"కోడినంటే మాత్రం ఊరుకుంటానా! ఏళ్ళ తరబడి దీని గుడ్లు మింగాం, నాలుగు దినాలు ఒళ్ళు వాల్చుకుంటే గెంటీడమేనా?" చేతిలో ఉన్న పెట్టని మెల్లగా దించి, మూలనున్న చీపురు అందుకుంది. "నడు! అలిసిన ఒంటికి సెలవు కావాలిరా! సెలవు నాడూ... ఏటే కోడలా, తరవాతేటి?"

కంచె అవతల నుంచి పైడమ్మ పిడికిలెత్తి అరిచింది. "కూడు కావాలి!"

బేరగాడు సైకిలు ఎక్కలేదు. తోసుకుంటూ పరిగెత్తాడు. కట్టెల మోపు వెనక నుంచి పుంజు, చాలా రోజుల తర్వాత, కొక్కొరొకో అంది.

అప్పుడు పైడమ్మ పెరట్లోకి వచ్చి చాప పరిచింది. "కూర్చో అత్తా," అంది. సన్యాసమ్మ చాప వంక అనుమానంగా చూసింది. ఆ తర్వాత కూర్చుంది. నేల కరవలేదు. మజ్జిగ తాగి, అక్కడే ఒరిగి, పట్టపగలు గుర్రు పెట్టి నిద్రపోయింది. చుక్కల పెట్ట వచ్చి ఆమె కాళ్ళ దగ్గరే ముడుచుకుంది.

మరి గుడ్డు పెట్టిందా అంటావా? పెట్టిందిలే. చలి తగ్గాక, తల మీద తురాయి ఎర్రబడ్డాక, తనకి ఎప్పుడు పెట్టాలనిపించిందో అప్పుడు పెట్టింది. కానీ అప్పటికి ఆ ఇంట్లో గుడ్డు కోసం ఎవ్వరూ గూట్లోకి తొంగి చూడట్లేదు. నూకల చేట మాత్రం అత్తే తెచ్చి, ముందు దానికే చల్లుతోంది.

రాలిన ఈక గాలికి,
మొలిచిన ఈక కోడికి,
చేటలో నూకలు గూటికి,
చాపపై కునుకు అత్తకి,
నడిచీ నడిచీ కథ చేరింది కంచికి,
అలిసిన మనం ఒరిగాం మంచానికి.