తాటిచెట్టు మీద నాయకుడు

సరస్వతీదేవి బుద్ధవరం వచ్చి ఏ ఇంట కాలు మోపాలా అని ఒక్క క్షణం సంశయించినా, చివరికి తన గుమ్మమే తొక్కుతుందని పేరయ్యకు నిశ్చయం. ఆయన ధర్మపత్ని శేషమ్మకు అంతకన్నా నిశ్చయం. తమ్ముడు కూర్మయ్యకు సొంత అభిప్రాయమన్నది పుట్టలేదు గనుక, అన్నావదినల నిశ్చయమే అతని నిశ్చయం.

ఆ వంశానికొక నియమముంది. తాతముత్తాతలు కరణాలు. కళ్ళారా చూడందే ఏ పొలానికీ హద్దు గీసి ఎరుగరు. కనుక చూడనిది రాయడం అబద్ధసాక్ష్యమనీ, రాసిన చెయ్యి పుచ్చిపోతుందనీ వాళ్ళ నమ్మకం.

ఇంతటి మేధానిధి చేతిలో మేనమామ శరభయ్యశాస్త్రిగారు తన నవల పెట్టారు. పదేళ్ళ తపస్సు. సగం రాసేసరికి కళ్ళకు శుక్లాలు కమ్మాయి. ఇంకో ప్రతి లేదు.

"ఒరే పేరయ్యా, నాయకుడు విజయసింహుణ్ణి అడవి నడుమ ఒంటరిగా నిలబెట్టాను. అక్కణ్ణుంచి చివరిదాకా నువ్వు నడపాలి. విజయదశమికి ముగిస్తే అట్ట మీద నా పేరు కింద నీ పేరు వేయిస్తాను."

ఆ మాట వినగానే పేరయ్యకు ఒళ్ళు పులకరించింది. అట్ట మీద పేరు! "నడపడమెలా మామయ్యా?"

"అధ్యాయానికొక కష్టం పెరగాలి. ఆ కష్టంలోంచే తరవాతి కష్టం పుట్టాలి. ముగింపు మాత్రం ఎవరూ ఊహించనిదై ఉండాలి."

అంతే. పేరయ్య ఇంటికొచ్చి తమ్ముణ్ణి ఎగాదిగా చూశాడు. "ఒరేయ్, విజయసింహుడివి నువ్వే. నువ్వు కష్టపడితే గాని నేను చూడలేను, చూడందే రాయలేను."

"నేను సింహాన్నా!" అని కూర్మయ్య మురిసిపోయాడు.

ఇంకేముంది! మొదటి అధ్యాయానికి అతణ్ణి బ్రహ్మజెముడు పొదలో దొర్లించారు. ముళ్ళు తీయబోతుంటే శేషమ్మ వారించింది. "కష్టంలోంచి కష్టం పుట్టాలన్నారుగా!" అని ముళ్ళు గుచ్చుకున్న చోటల్లా దురదగొండి రాసింది. కూర్మయ్య గెంతుతూ పోయి చీమల పుట్టలో పడ్డాడు. "ఆహా, మూడో అధ్యాయం దానంతటదే పుట్టింది!" అని పేరయ్య కలం పరుగెత్తించాడు. చీమల బాధ పడలేక కూర్మయ్య కాలువ గట్టునున్న తాటిచెట్టెక్కాడు. పైన కందిరీగల పట్టు!

"అన్నయ్యోయ్! కదిలితే కుడుతున్నాయి! త్వరగా ముగించు!"

"దిగొచ్చాడని రాస్తే?" అన్నాడు పేరయ్య.

"మీరు ఊహించేశారుగా! ఎవరూ ఊహించకూడదన్నారు," అంది శేషమ్మ.

"పోనీ, పడి చచ్చాడని?"

"అది నేను పొద్దున్నే ఊహించానండీ."

"అక్కడే కాపురం పెట్టాడని?"

"అది నేనూహించాను అన్నయ్యా, ఇందాకే!" అని పైనుంచి కేక.

మూడు రోజులు గడిచాయి. ఊహ తట్టినప్పుడల్లా పేరయ్య చెంపలు వేసుకుని దాన్ని కొట్టేశాడు. శేషమ్మ సద్దిమూట కడితే కూర్మయ్య తాడుతో పైకి లాక్కునేవాడు. రేపు దశమి అనగా పేరయ్య గుండె జారింది. అట్ట మీది పేరు జారిపోతోంది! మామయ్య దగ్గరికి పరుగెత్తాడు.

"నాయకుడెక్కడున్నాడురా?"

"తాటిచెట్టు మీద, మామయ్యా. మూడు రోజులైంది."

"అవివేకీ! ఎలాగోలా కిందికి తీసుకురా!"

పేరయ్య ముఖం వెలిగింది. తిరిగివచ్చి గొడ్డలి అందుకున్నాడు. "ఎక్కినవాడు దిగడం లోకం ఊహించేదే. చెట్టే దిగొస్తుందని ఎవరూహిస్తారే?"

"మీరు ఊహించారుగా?"

"నేనెక్కడ ఊహించాను! గొడ్డలి చూస్తే దానంతటదే తట్టింది."

"అయితే సరే," అని శేషమ్మ పక్కకు తప్పుకుంది.

అంతే. చెట్టు ఫెళ్ళున కాలువలోకి ఒరిగింది. కందిరీగలు లేచిపోయాయి. కూర్మయ్య మొద్దు మీద గుర్రపుస్వారీగా ప్రవాహంలో సాగిపోయాడు.

"అన్నయ్యా, ఎటో పోతున్నాను!"

"పో నాయనా, పో! ఇదే ముగింపు!"

కాని మలుపు దగ్గర నాయకుడు కనుమరుగయ్యాడు. చూడనిది రాయరాదు! పేరయ్య మామయ్య రాసిన పుటలూ తన తెల్లకాగితాలూ ఒకే కట్టగా నెత్తిన పెట్టుకుని కాలువలో దూకాడు. రొమ్ము లోతు నీళ్ళలో నిలబడి కట్ట విప్పి కలం తీశాడు.

"ఏమండీ, ముందు మీ పేరు రాసుకోండి! ఈ హడావిడిలో మరిచిపోతారు!" అని గట్టు మీదనుంచి శేషమ్మ హితవు చెప్పింది.

సబబైన మాటే. పేరు రాశాడు, అల వచ్చి తుడిచిపెట్టింది. ఆ కాగితం వదిలేసి ఇంకొకదాని మీద రాశాడు, అదీ పోయింది. పట్టు విడిచే వంశమా అది! తెల్లకాగితాలు నిండుకున్నాయి. మామయ్య పుటల అంచున రాయసాగాడు. పదేళ్ళ తపస్సు నల్లటి చారలై కాలువలో కలిసిపోతోంది.

ఈలోగా రెల్లుదుబ్బు పట్టుకుని గట్టెక్కిన కూర్మయ్య తడిబట్టలతో వచ్చి వదిన పక్కన నిలబడ్డాడు. "అన్నయ్యా, నేను వచ్చేశాను!"

"ఉండరా, పనిలో ఉన్నాను," అని పేరయ్య తలైనా తిప్పలేదు.

మిగిలిన ఒకేఒక్క కాగితం మీద గుండ్రటి అక్షరాలతో పేరు రాసి, సిరా తడి ఆరేదాకా ఉండనిద్దామని దాన్ని జాగ్రత్తగా నీళ్ళ మీద పరిచాడు.