ఎరకమ్మ కర్ర, ఒక్క కుండ మట్టి

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో, బంగారూ, ఇళ్ళన్నీ గుండ్రంగా ఉండేవి. మూలలుంటే గాలివాన పట్టుకుని పీకేస్తుందని అలా కట్టుకునేవారు. ఆ ఊళ్ళో ఎరకమ్మ నేలలు అలికి బతికేది.

గోడ వెంబడి లోపల ఎర్రమట్టి అంచు వేయడం ఆమె పని. అందుకు వాళ్ళమ్మ ఇచ్చిన కర్ర ఒకటుంది. కొసలు రెండూ గోడకి రాసుకునేలా దాన్ని చుట్టూ తిప్పాలి. గుండ్రటి గోడ కాబట్టి కర్ర నడుమ గోడకి ఎడంగా ఉంటుంది, అక్కడున్న కన్నంలో పోసిన ముగ్గు జారి గీత పడుతుంది. గీతకీ గోడకీ మధ్య మట్టి పూయాలి. "ఏ ఇంటికైనా ఒక్క కుండే సరిపోద్దే, కొసలు మాత్రం గోడని వదలనీకు" అని చెప్పి వాళ్ళమ్మ కన్నుమూసింది.

అప్పుడు ఎరకమ్మ ఒక బుల్లి గుడిసె అలికింది. అంచు లావుగా వచ్చింది. ఒక్క కుండ పట్టింది. ఆ తర్వాత కోడిగుడ్డులాంటి పెద్దిల్లు అలికింది. అంచు సన్నబడింది. మళ్ళీ ఒక్క కుండే!

ఆ తర్వాత ఊరిపెద్ద సూరప్పనాయుడు పొడుగాటి సావిడి కట్టించాడు. చివరలు రెండూ గుండ్రం, పక్కగోడలు తిన్నన.

"ఏటే ఎరకమ్మా, గుడిసెకీ ఒక కుండే, నా సావిడికీ ఒక కుండేనా? మట్టి తక్కువైతే మరి ఈ ఊళ్ళో నేల ముట్టుకోకు" అన్నాడు.

ఎరకమ్మ కర్ర తిప్పింది. తిన్నటి గోడ దగ్గర కర్ర గోడకి అతుక్కుపోయింది. అక్కడ అంచే లేదు! జనం నవ్వుతారని సిగ్గుపడి, కర్రని జానెడు ఇవతలికి లాగి గీసింది. సగం పూసేసరికే కుండ అడుగు కనబడింది.

అప్పుడు అమ్మ మాట గుర్తొచ్చింది. తడి మట్టంతా గీకి కుండలో వేసింది. కొసలు వదలకుండా మళ్ళీ తిప్పింది. తిన్నటి గోడల పక్కన అంచు మాయమైంది, వంపుల దగ్గర లావెక్కింది. పూస్తూ పూస్తూ వెళితే, ఆఖరి బెత్తెడుకి ఆఖరి పిడికెడు మట్టి సరిగ్గా సరిపోయింది.

సూరప్పనాయుడు వంగి ఖాళీ కుండలోకి తొంగిచూశాడు. "మీయమ్మ ఈ సావిడి ఎప్పుడు కొలిసిందే?" అన్నాడు మెల్లగా.

"అమ్మ పోయినాక కదా బాబూ మీరు పునాది తీసింది" అంది ఎరకమ్మ. అంటూనే ఆమెకి ఆ సంగతి తట్టింది. ఇంకా కట్టని గోడలక్కూడా కొలత చెప్పి వెళ్ళిందా అమ్మ! ఆ ఎర్రటి నేల మీదే కూర్చుని భోరున ఏడ్చేసింది.

కథేమో కంచికి,
కళ్ళేమో నిద్రకి,
నువ్వూ నేనూ ఇంటికి.