మరకా చిరుగా చూసిన నూకాలు

అనగనగా, ఏరు ఇప్పటికంటే రెండింతలు వెడల్పుగా పారిన కాలంలో, దాని ఒడ్డున నూకాలు అనే ఆమె ఊరందరి బట్టలూ ఉతికేది. ఏ గుడ్డనైనా నీళ్లలో వెయ్యకముందు రెండు చేతులతో ఎండకి ఎత్తి పట్టేది. ఇటు తిప్పి ఓసారి, అటు తిప్పి ఓసారి, వెలుతురుకి అడ్డంపెట్టి ఓసారి చూసేది. మరకైతే బండ మీదికి. చిరుగైతే చేతుల్లోనే, మెల్లగా. చిరుగుని మరకనుకుని బాదితే గుడ్డ మిగులుతుందటర్రా!

నూకాలు తల్లి సోడెమ్మ. ముసలిదయ్యాక ఆమెకి మతి తప్పడం మొదలైంది. మొదట ఒకరింటి బట్టలు ఇంకొకరింట్లో ఇచ్చొచ్చింది. తరవాత ఏటి దారి మరిచిపోయింది. చివరికి కూతుర్నే పట్టుకుని, "ఎవరి పిల్లవే నువ్వు?" అంది.

"ఓలమ్మో, దెయ్యం పట్టిందే!" అంది ఊరు. భూతవైద్యుడు చింతబరికె పట్టుకొచ్చాడు. మూడు ఆదివారాలు కొట్టాలన్నాడు. ఏం చెప్పమంటారు, నూకాలు సరేనంది. తల్లి బాగుపడుతుందని పిచ్చి ఆశ. మొదటి ఆదివారం సోడెమ్మ ఏడ్చింది. రెండో ఆదివారం ఏడవలేదు. మూడో ఆదివారం తరవాత మంచం దిగలేదు.

పోయేముందు, వాతల మీద నూనె రాస్తున్న కూతురి చెయ్యి పట్టుకుంది. "ఎవరివమ్మా? నీ చేతులు మా నూకాలు చేతుల్లా ఉన్నాయి" అంది.

నూకాలు గుండెలు బాదుకుంది. "గుడ్డని చూసినట్టయినా మా అమ్మని చూడలేదే! చూడకుండా బండకేసి కొట్టించానే!"

ఏళ్లు గడిచాయి. మునసబు తండ్రి ఉన్నట్టుండి గోడలతో మాట్లాడ్డం మొదలెట్టాడు. మళ్లీ అదే బరికె వచ్చింది. నూకాలు తడి చేతులతోనే పరిగెత్తి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"చూడకుండా కొట్టకండి బాబూ. పెదబాబుగారు ఎన్నాళ్ల నుంచి ఇలా ఉన్నారు? ఏం తింటున్నారు? కొత్తగా ఏం మింగుతున్నారు?"

"బట్టలుతుక్కునేదానివి, నీకెందుకే?" అని కసిరాడు మునసబు.

"ఉతుక్కునేదాన్నే బాబూ. అమ్మని చంపుకున్నదాన్ని కూడా."

మునసబు బరికెని పక్కన పెట్టించాడు. లోపల్నుంచి కోడలు చెప్పింది, నాలుగు రోజులే అయిందని, మోకాళ్ల నొప్పికి నల్లమందు మొదలెట్టాకే ఇలా అయ్యాడని. ఆ మందు మాన్పించారు. మూడో రోజుకల్లా ముసలాయన మనవణ్ని పేరు పెట్టి పిలిచాడు. "మరకే" అంది నూకాలు.

ఆ ఏడే కుమ్మరివాళ్ల అవ్వకి కూడా మతి తప్పుతోందన్నారు. ఆమెకి మూడేళ్లుగా కొంచెం కొంచెంగా పోతోంది. జ్వరం లేదు, కొత్తగా మింగుతున్న మందూ లేదు. నూకాలు మూడుసార్లూ చూసి కళ్లు తుడుచుకుంది. "ఇది చిరుగు. అతుకు పడదు. రోజూ ఒకే మనిషి తినిపించండి. తప్పు మాట్లాడితే వాదించకండి. చేతికి కాస్త మట్టి ఇవ్వండి." అవ్వ బాగుపడలేదు. కానీ భయపడకుండా కన్ను మూసింది.

చివరికి ఆ జబ్బు నూకాలుకే వచ్చింది. ఊరు ఆమెని ఎండలో కూర్చోబెట్టి మూడుసార్లు చూసింది. చిరుగే. ఎవరూ బరికె ఊసెత్తలేదు. తడిగుడ్డ చేతికిస్తే పిండుకుంటూ కూర్చునేది. అన్నీ మరిచిపోయింది, ఒక్కటి తప్ప. దారిన పోయేవాళ్లనల్లా అడిగేది, "మా అమ్మని కొట్టారా?" అని.

మునసబు కూడా ఆగి, "లేదమ్మా, ఎవరూ కొట్టలేదు" అనేవాడు. ఆమె తేలిగ్గా ఊపిరి పీల్చి గుడ్డ పిండుకునేది. కాసేపటికి మళ్లీ అడిగేది. మళ్లీ చెప్పేవాళ్లు.

ఇప్పటికీ ఆ ఏటి ఒడ్డు ఊళ్లలో ముసలివాళ్లకి మతి తప్పితే ముందు ఎండలో కూర్చోబెడతారు. ఎన్నాళ్లయింది, ఏం తిన్నారు, ఏం మింగారు అని మూడు మాటలు అడుగుతారు. చిరుగని తేలిన ఇంట్లో, పొద్దున్నే ఆ ముసలమ్మకి తల దువ్వేవాళ్లు దువ్వెన పెట్టేముందు ఒక మాట చెబుతారు. ఆమె అడిగినా చెబుతారు, అడక్కపోయినా చెబుతారు.

"ఎవరూ కొట్టలేదమ్మా."