బందెలదొడ్డిలో నక్క చెప్పిన పాఠం

ఊరి చివర బందెలదొడ్డిలో ఆ మధ్యాహ్నం రెండే పశువులున్నాయి. ఒకటి, పరుల చేలో పడినందుకు తోలుకొచ్చి బంధించిన కర్రావు. రెండోది, అడిగేవారెవరూ లేని ముసలి ఎద్దు. కర్రావు కొత్తగా ఈనింది. దూడను ఎక్కడో పొదలో దాచి మేతకు వచ్చి పట్టుబడింది. యజమాని విడిపించేదాకా ఆ పసికూన ఎవరి కంటా పడకూడదన్నదే దాని దిగులు.

కమ్మీల అవతలకు నక్క వచ్చింది.

"అక్కయ్యా, గేటు మీది బల్లపై ఇంగ్లీషులో ఏమని రాశారో తెలుసా? పౌండ్ అని."

"లోపలున్నవాళ్లకు ఆ పేరుతో ఏం పనిరా?" అంది ఎద్దు.

"నీకు కాదులే మామా, అక్కయ్యకు చెబుతున్నాను." నక్క తూర్పు కమ్మీ దగ్గరికి నడిచింది. "పౌండ్ అంటే ఒక తూకం. లాటిన్‌లో బరువుకున్న మాట నుంచి పుట్టింది. ఒకప్పుడు అంత తూకం వెండికి సమానం కనుక దొరల డబ్బుకూ అదే పేరు."

ఆవు అటు తిరిగి విన్నది. దిగులు కాసేపు మరిచిపోవడం దానికి హాయిగా ఉంది.

నక్క ఉత్తరానికి మారింది. "దంచడమూ పౌండే. కానీ దాని వంశం వేరు. పాత ఇంగ్లీషులో నలగగొట్టడమనే మాట దాని తల్లి."

ఆవు అటూ తిరిగింది. "మొహం ఒకటే, తల్లులు వేరా తమ్ముడూ?"

"అచ్చంగా అంతే." నక్క పడమటికి వెళ్లింది. "ఇక మూడోది, ఈ దొడ్డి. దాని పుట్టుక పండితులకూ తెలియదు. ఇటు చూడు అక్కయ్యా."

"వింటున్నానుగా, చెప్పు," అంటూ ఆవు ఎద్దు వైపు మొహం తిప్పుకుంది.

నక్క నవ్వింది. "నిండు పొదుగు చూసే నీకు దూడ ఉందని పోల్చాను. దూడను దాచిన తల్లి ఆ దిక్కుకు కన్నెత్తదు. నాకు కావలసింది తెలిసింది." పడమటి కాలువ గట్టున ఉన్న రెల్లులోకి పరుగు తీసింది.

"అబద్ధాలకోరు!" అని ఆవు గేటును కొమ్ములతో కుమ్మింది. గేటు కదలలేదు.

"వాడు ఒక్క అబద్ధమూ ఆడలేదమ్మాయ్," అంది ఎద్దు.

సాయంత్రం యజమాని వచ్చి విడిపించాడు. రెల్లులో దూడ పడుకున్న చోటు మాత్రమే మిగిలింది. కర్రావు ఆ గడ్డినే నాకుతూ నిలబడింది. పొదుగు నుంచి పాలు నేలపాలవుతున్నాయి.

చెప్పేది నిజమా కాదా అని చూస్తే చాలదు. చెప్పేవాడు ఎందుకు చెబుతున్నాడో కూడా చూడాలి.