పదిహేను నిమిషాల గడువు

మాస్టారు తనను నమ్మడం లేదేమోనని వాసంతికి అనుమానం పట్టుకుంది.

రంపచోడవరంలో రెండు గదుల చిన్న సేవాసంస్థ అది. మన్యంలో ఏ ఆస్పత్రిలో పాముకాటు మందు ఎన్ని సీసాలుందో చెప్పే వెబ్‌సైట్ నడుపుతారు. కాటు పడిన మనిషిని ఎటు తీసుకెళ్ళాలో నర్సులు అందులో చూసే తేల్చుకుంటారు. దాన్ని తయారుచేసింది పరదేశి మాస్టారు. ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. అక్కడే పనిచేసే వాసంతికి, సర్వర్లను నడిపే లినక్స్ నేర్పింది కూడా ఆయనే.

వెబ్‌సైట్ ఉండే సర్వర్ మాత్రం జర్మనీలో ఎక్కడో అద్దెకు తీసుకున్న యంత్రం. ఇద్దరూ దాన్ని కళ్ళతో చూసింది లేదు.

ఆ వారం కెర్నెల్లో, అంటే యంత్రాన్ని మొత్తం నడిపే మూలభాగంలో, ఒక లోపం బయటపడింది. ఎవరైనా చొరబడకముందే కొత్త కెర్నెల్ వెయ్యాలి. వాసంతి రెండు రోజులు కూర్చుని దాన్ని తయారుచేసింది. యంత్రాన్ని ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెడితే, అంటే రీబూట్ చేస్తే, అది అమల్లోకి వస్తుంది.

"ఇంక రీబూట్ చెయ్యడమే మాస్టారూ," అంది.

"లేవకపోతే?"

"లేస్తుందండీ. నా లాప్‌టాప్‌లో ఆరుసార్లు చూశాను."

"నీ లాప్‌టాప్ వేరు, ఆ మిషను వేరు."

"నేను చేస్తున్నానని భయమా మీకు?"

ఆయన కుర్చీ దగ్గరికి వచ్చారు. "ఒక్కసారి లే తల్లీ," అని ఆమె సీట్లో కూర్చుని కాసేపు ఏదో టైప్ చేశారు. తన పనిలో తప్పులు వెతుకుతున్నారనుకుని వాసంతి మొహం తిప్పుకుంది. తర్వాత ఆయన ఆ రోజు మందుల పట్టికను ప్రింట్ తీసి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఇంక కానియ్యి."

వాసంతి రీబూట్ కొట్టింది. కనెక్షన్ తెగిపోయింది. మామూలుగా రెండు నిమిషాల్లో తిరిగి రావాలి. ఐదు నిమిషాలైనా ఉలుకూ పలుకూ లేదు.

ఫోన్ మోగింది. కొండమీది ఆస్పత్రి నుంచి నర్సు బుల్లెమ్మ.

"మాస్టారండీ, పేజీ రావట్లేదు! జీడితోటలో పనిచేసే ఆవిడండీ, రక్తపింజరి కాటేసింది. మా దగ్గర రెండు సీసాలే ఉన్నాయి. అవి ఎక్కిస్తున్నాం. మిగతా దానికి ఎటు పంపమంటారు?"

మాస్టారు జేబులోంచి కాగితం తీశారు. "నీలిగెడ్డకి పంపించమ్మా. పొద్దున్న ఇరవై రెండు సీసాలున్నాయి. నేను వాళ్ళకి ఫోన్ చేసి చెబుతాను."

ఆయన ఆ ఫోన్ చేసి వచ్చేసరికి వాసంతి కుర్చీలోంచి లేచి నిలబడింది.

"జర్మనీ వాళ్ళకి రాశాను మాస్టారూ. రేపటిగ్గానీ చూడరట. నా వల్లే ఇదంతా..."

"ఎంతసేపైంది?"

"పదకొండు నిమిషాలు."

ఆయన గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చారు. "తాగు. ఇంకో ఆరేడు నిమిషాలు చూద్దాం."

ఎందుకో అడిగే ఓపిక కూడా వాసంతికి లేదు. తెర వంకే చూస్తూ కూర్చుంది.

పదిహేడో నిమిషంలో సర్వర్ పలికింది.

గబగబా లోపలికి వెళ్ళింది. వెబ్‌సైట్ వచ్చేసింది. కెర్నెల్ నంబరు చూసింది. పాతదే! బల్లమీద తల ఆనించి గట్టిగా ఊపిరి వదిలింది. నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి.

కాస్త తేరుకున్నాక, మాస్టారు టైప్ చేసింది ఏమిటో చూసింది. రెండు లైన్లు, రెండే ఏర్పాట్లు. కొత్త కెర్నెల్ ఈ ఒక్కసారికే లేవాలి. పదిహేను నిమిషాల్లో బయటినుంచి ఎవరూ లోపలికి రాలేకపోతే, మిషను తనంతట తానే మళ్ళీ మొదలై పాతదానితో లేవాలి.

లోపం కూడా దొరికింది. కొత్త కెర్నెల్ బాగానే లేచింది. కానీ ఆ మిషన్లోని నెట్‌వర్క్ కార్డును పనిచేయించే చిన్న ప్రోగ్రామును, అంటే డ్రైవర్‌ను, వాసంతి అందులో చేర్చలేదు. పదిహేను నిమిషాలూ అది నడుస్తూనే ఉంది, ఎవరికీ అందకుండా.

మూడింటికి నీలిగెడ్డ నుంచి ఫోన్ వచ్చింది. ఆవిడ చేరింది, మందు ఎక్కుతోంది, మాట్లాడుతోంది. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

వాసంతి డ్రైవర్ చేర్చి కెర్నెల్‌ను మళ్ళీ తయారుచేసింది. ఈసారి ఆ రెండు ఏర్పాట్లూ తనే చేసి, బుల్లెమ్మకూ మిగతా నర్సులకూ ముందుగా ఫోన్లు చేసి, అప్పుడు రీబూట్ కొట్టింది. రెండు నిమిషాల్లో కొత్త కెర్నెల్‌తో సర్వర్ లేచింది.

తాళం వేసుకుని బయటికి వస్తుంటే అడిగింది.

"ఆ లైన్లు నామీద నమ్మకం లేకనే రాశారా మాస్టారూ?"

"నమ్మకం లేకపోతే నీచేత చేయిస్తానా?" అన్నారు ఆయన. "అది రాసింది బుల్లెమ్మ కోసం."