నీళ్ళ ట్యూబులో గీత

"'నీళ్ళ ట్యూబులో గీతొచ్చిందంటే బయటి డీఎన్ఏ ఏదో పడ్డట్టే' అని మేడమే అన్నారు, నేనన్లేదు!" హైమ ఎస్తేరు వైపు వేలు చూపించింది. "మరి ఈ గదిలోకి కొత్తగా వచ్చిన మనిషెవరు?"

"ఒట్టక్కా, నీ ట్యూబులు నాను ముట్టుకోనేదు," అంది ల్యాబులో కొత్తగా చేరిన ఎస్తేరు. మామూలప్పుడు పుస్తకంలా మాట్లాడే పిల్లకి భయమేస్తే బొబ్బిలి మాట బయటికొచ్చేస్తుంది.

విశాఖలో కొండ మీదున్న ఆ ల్యాబులో పనంతా థైరాయిడ్ గురించే. గొంతు దగ్గర సీతాకోకచిలుకలా అతుక్కుని ఉండే గ్రంథి అది. కొంతమందిలో ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే దాని మీద పడి కొద్దికొద్దిగా తినేస్తాయి. అలాంటి రోగుల్లో ఎక్కువగా కనిపించే ఒక జన్యువుని హైమ వెతుకుతోంది. అదే ఆమె పీహెచ్‌డీ. రక్తంలోంచి తీసిన డీఎన్ఏని పీసీఆర్ మిషన్లో పెడితే, వెతికే ముక్క అందులో ఉంటే కోట్ల కొద్దీ పెరిగి, జెల్ పలక మీద వెలిగే గీతలా కనపడుతుంది. ప్రతిసారీ చివరి ట్యూబులో మాత్రం ఎవరి డీఎన్ఏ వెయ్యరు. ఉత్త నీళ్ళే. అక్కడ గీత రాకూడదు. వచ్చిందా, పక్కనున్న గీతలు కూడా నమ్మడానికి పనికిరావు.

అందుకే కామేశ్వరి మేడంకి ఒక అలవాటు. ఎవరెంత గొప్ప ఫలితం పట్టుకుని పరిగెత్తుకొచ్చినా, ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ముందు అడిగేది ఒక్కటే: "నీళ్ళేమన్నాయి?"

కొన్నాళ్ళుగా హైమ నీళ్ళు ఊరుకోవడం లేదు.

హైమకి అసలు దిగులు ఇంకోటుంది. కిందటేడు ఆమె మెడే కాస్త ఉబ్బింది. పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకుని, కాఫీకి గంట ఆగే బతుకైపోయింది. ఊళ్ళో వాళ్ళందరి రక్తం పరీక్షించింది గానీ, ఆ జన్యువు తనలో ఉందో లేదో చూసుకునే ధైర్యం ఎప్పుడూ చెయ్యలేదు. ఒకరోజు మేడం గదిలోకెళ్ళి అడిగేసింది కూడా: "మేడం, కాపలా కాసేవాళ్ళు సొంతింటి మీదే ఎందుకు పడతారు? ఇల్లు గుర్తుపట్టలేకా?" మేడం ఆమె మెడ వైపు చూశారు, కిటికీలోంచి సముద్రం వైపు చూశారు, "చూద్దాంలే" అన్నారు. అంతే. హైమ ప్రశ్నకి జవాబు అలా బాకీ ఉండిపోయింది.

ఇక గీత కనపడ్డ దగ్గర్నుంచీ హైమకి కంటి మీద కునుకు లేదు. కొత్త సీసాలు తెప్పించింది. గీత పోలేదు. ఎస్తేరు కలిపిన ద్రావణాలన్నీ సింకులో పారబోసింది. పోలేదు. ఎస్తేరు కుర్చీని వరండాలోకి జరిపించింది. ఆ పూట గీత ఇంకాస్త లావుగా వచ్చింది! "తలుపు గొళ్ళెం ముట్టుకుంటోందిగా, అందుకే," అంది హైమ.

"రేపు ఆ పిల్ల నీడ పడిందంటావా?" అన్నాడు ధనుంజయ్. వాడూ ఆ ల్యాబులో స్కాలరే, నోటికి తాళం లేదు. ఎస్తేరు తలెత్తలేదు. ఆ మాట ఆ పిల్ల ఇంతకుముందు ఎక్కడెక్కడ వినుందో ఎవరడిగారు?

ఆఖరికి ఇవాళ హైమ తెగేసి చెప్పింది. "మేడం, ఆ అమ్మాయన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి." ఎస్తేరుది ప్రాజెక్టు ఉద్యోగం. మేడం ఒక్క మాటంటే సాయంత్రానికి బస్సెక్కాల్సిందే. ఆ పిల్ల అప్పటికే బ్యాగు సర్దేసుకుని, కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చుంది.

మేడం కోప్పడలేదు. వాదించలేదు. బీరువాలోంచి ఎవరూ తెరవని సీసాలు తీసి బల్ల మీద పెట్టారు. "నలుగురం తలా కాసిని ట్యూబులు వేద్దాం. ఎందులోనూ ఎవరి డీఎన్ఏ వద్దు, నీళ్ళే. రోజూ ఎలా చేస్తారో అలాగే చెయ్యండి," అన్నారు. ఎవరి మూతల రంగు వాళ్ళకి. ఎస్తేరుకి పసుపు, ధనుంజయ్‌కి ఎరుపు, తనకి నీలం, హైమకి ఆకుపచ్చ.

ధనుంజయ్ చకచకా కానిచ్చేశాడు. ఎస్తేరు పెదాలు బిగబట్టి పని ముగించింది. హైమ అందరికంటే ఆఖరున లేచింది. ఆమె పద్ధతే వేరు. మూత తీస్తుంది, ట్యూబు మీదకి వంగి నంబరు పైకి చదువుకుంటుంది, చుక్క వేస్తుంది, మూస్తుంది. సరిగ్గా వేశానా అని అనుమానం. మళ్ళీ తీస్తుంది, మళ్ళీ వంగుతుంది, మళ్ళీ చదువుకుంటుంది. భయం పెరిగిన కొద్దీ ఈ చదవడమూ పెరిగింది.

మేడం అదంతా చూస్తున్నారు.

మిషన్ తిరుగుతున్నంతసేపూ హైమ వరండాలో పచార్లు చేసింది. పసుపు ట్యూబులో గీత వస్తే చాలు దేవుడా, అనుకుంది. అలా అనుకున్నందుకు ఒకపక్క సిగ్గేసింది. అయినా మళ్ళీ అదే అనుకుంది.

జెల్‌ని దీపపు పెట్టె మీద పెట్టి లైటు వేశారు. ఎరుపు వరస చీకటి. నీలం చీకటి. పసుపు... చీకటి.

ఆకుపచ్చ వరసలో గీత ధగధగా మెరుస్తోంది.

"నేను జాగ్రత్తగానే చేశాను మేడం," అంది హైమ. "ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను."

"చూశాను," అన్నారు మేడం. "చూసుకున్నావు. తెరిచిన ట్యూబు మీద ఒకటికి రెండుసార్లు నంబరు కూడా చదువుకున్నావు."

హైమ చెయ్యి తనంతట తనే పెదాల మీదకి పోయింది. నోటి తుంపర! అందులోనూ డీఎన్ఏ ఉంటుంది. ఇన్నాళ్ళూ నీళ్ళలో కనపడ్డ పరాయి మనిషి తనే. ఆ వెంటనే ఇంకో సంగతి తట్టింది, చెయ్యి పెదాల మీంచి మెడ మీదకి జారింది. చూసుకోవడానికి భయపడ్డ జన్యువు ఎదురుగా గీతై వెలుగుతోంది.

ఎస్తేరు ఆ చీకటి వరసని ఒక్కసారి చూసుకుంది. నెగ్గానని నవ్వలేదు. గది దాటి వెళ్ళి బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"తప్పు నాదే మేడం," అంది హైమ గొణుగుతున్నట్టు.

మేడం లైటు ఆర్పేశారు. "తప్పెక్కడ చేశావు హైమా? కాపలా కాశావు, అంతే."

హైమ గుమ్మం దాకా పరిగెత్తింది. వరండా చివర ఎస్తేరు మెట్ల దగ్గరికి చేరిపోయింది. పిలుద్దామని హైమ నోరు తెరిచింది. మీరే చెప్పండి, అదే నోటితో ఇప్పుడు ఆ పిల్లని ఏమని పిలవాలి?